కొనేవారి భాషలో పలకరిస్తే: అల్ రాయ్‌లో అరబ్బీ, అమెరికాలో స్పానిష్

అమెరికాలో బ్యాంకుకో, కరెంటు ఆఫీసుకో, ఫోన్ కంపెనీకో ఫోన్ చేస్తే ముందుగా వినిపించే మాటల్లో ఒకటి "స్పానిష్ కోసం 2 నొక్కండి" అనేది. కువైట్‌లో అదే పని చేస్తే అరబ్బీకి ఒక అంకె, ఇంగ్లీష్‌కి ఒక అంకె చెబుతారు. ఇంత ఏర్పాటు ఎవరూ ఊరికే చేయరు. తన భాషలో జవాబు దొరికిన మనిషి మళ్ళీ వస్తాడు, దొరకనివాడు పక్క కొట్టుకు పోతాడు అని వ్యాపారులకు తెలుసు.

విదేశాల్లో మనవాళ్ళు చిన్న చిన్న వ్యాపారాలు చాలానే చేస్తున్నారు. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, మోటెళ్ళు, కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు; గల్ఫ్‌లో టైలరింగ్, మొబైల్ రిపేరు, బ్యూటీ పార్లర్, కార్ గ్యారేజీ. వీటిలో చాలావాటికి కొనేవారు తెలుగువారు కారు, ఇంగ్లీష్‌లో ధారాళంగా మాట్లాడేవారూ కారు. అలాంటి చోట కస్టమర్ భాషలో సేవ ఇవ్వడం ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఒకచోట చేర్చి రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా నేనుండే అల్ రాయ్ నుంచి, స్పానిష్ విషయం వచ్చినప్పుడు అమెరికా నుంచి.

ముందు లెక్కలు

భాషకూ అమ్మకానికీ ఉన్న సంబంధం మీద సీఎస్ఏ రీసెర్చ్ అనే సంస్థ 2020లో 29 దేశాల్లో 8,709 మందిని అడిగింది. వస్తువు వివరాలు తమ భాషలో ఉంటే అదే కొనడానికి ఇష్టపడతామని 76 శాతం మంది చెప్పారు. వేరే భాషలో ఉన్న వెబ్‌సైట్ల నుంచి ఎప్పుడూ కొనబోమని 40 శాతం మంది చెప్పారు. కొన్న తర్వాత సాయం తమ భాషలో దొరికితే మళ్ళీ అదే కంపెనీ దగ్గర కొంటామన్నవారు 75 శాతం. చిన్న వ్యాపారికి ఈ చివరి అంకె ముఖ్యం. కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ప్రకటనల ఖర్చు అవుతుంది, పాత కస్టమర్‌ని నిలుపుకోవడానికి చాలాసార్లు రెండు మంచి మాటలు చాలు.

ఇక స్పానిష్. దాదాపు 20 దేశాల్లో అది అధికార భాష. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూజెర్సీ వంటి మనవాళ్ళు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో వారూ ఎక్కువే. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో స్పానిష్, అరబ్బీ రెండూ ఉన్నాయి.

అల్ రాయ్‌లో ఎన్ని భాషలు

అల్ రాయ్ ఫర్వానియా గవర్నరేట్‌లో ఉంది. ఇళ్ళకన్నా దుకాణాలు, గోదాములు, కార్ షోరూములు, మొక్కల నర్సరీలు ఎక్కువ. 2007లో తెరిచిన ది అవెన్యూస్ మాల్ ఇక్కడే, పాత సామాను నుంచి తివాచీల దాకా దొరికే సూక్ అల్ జుమా, అంటే శుక్రవారం సంత, ఇక్కడే. కువైట్ జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు బయటి దేశాలవారు. వారిలో భారతీయులే అందరికన్నా ఎక్కువ, దాదాపు 10 లక్షల మంది. అందుకే శుక్రవారం సంతలో ఒక్క వరసలో నడిస్తే అరబ్బీ, హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, ఫిలిప్పీన్స్ వారి తగలోగ్ అన్నీ చెవిన పడతాయి. అక్కడి అమ్మకందారు ఏ క్లాసుకూ వెళ్ళకుండానే నాలుగు భాషల్లో ధర చెప్పగలడు. వ్యాకరణం ఉండదు, అంకె మాత్రం తప్పు పోదు.

ఈ భాషల కలయిక కొత్తది కాదు. 1961లో కువైట్ దీనార్ వచ్చేదాకా ఇక్కడ రూపాయే చెలామణీ అయ్యేది. బొంబాయితో పడవ వ్యాపారం అంత గట్టిగా సాగేది. దాని గుర్తులు కువైటీల మాటల్లో ఇప్పటికీ ఉన్నాయి. తిన్నగా వెళ్ళమనడానికి "సీదా" అంటారు, ఫ్యాన్‌ని "బన్‌కా" అంటారు, ఊరగాయను "అచార్" అంటారు. వ్యాపారం ఉన్నచోట భాషలు అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి.

అరబ్బీ: పుస్తకంలోది వేరు, బజారులోది వేరు

ఫోన్‌లో యాప్ పెట్టుకుని అరబ్బీ నేర్చుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇది. ధర ఎంత అనడానికి పుస్తకంలో "బికమ్" అని ఉంటుంది, కువైటీ నోట "బ్‌చమ్" అని వస్తుంది. మగవారిని "శ్లోనక్" అని, ఆడవారిని "శ్లోనిచ్" అని బాగున్నారా అని అడుగుతారు. కావాలి అంటే "అబీ", వద్దు అంటే "మా అబీ". రేపటిని "బాచిర్" అంటారు. కోడిమాంసం పుస్తకంలో "దజాజ్", వంటింట్లో "దియాయ్". ఆ "చ" మనకు సహజంగా పలికే అక్షరం కాబట్టి మనవాళ్ళు కువైటీ యాస తొందరగానే పట్టుకుంటారు.

కొట్టులో ఉండేవారికి మొదటి నెలలో ఈ కొద్ది మాటలు చాలు. లోపలికి వచ్చినవారికి "హయ్యాక్ అల్లా", ఆడవారైతే "హయ్యాచ్ అల్లా". చూడండి, కూర్చోండి, తీసుకోండి అన్నిటికీ "తఫద్దల్", ఆడవారికి "తఫద్దలీ". ధన్యవాదానికి "మష్కూర్" లేదా "శుక్రన్". ఒక్క క్షణం ఆగమనడానికి "దగీగా". వీటితో సంభాషణ నడవదు గానీ తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత అసలు విషయానికి అరబ్బీ బాగా వచ్చినవారిని పిలవాలి.

ఇంకొకటి. "ఇన్షా అల్లా" అన్న జవాబును ఖాయమైన ఆర్డరుగా రాసుకోకూడదు. మనం "చూద్దాంలెండి" అన్నట్టు కూడా వాడతారు, తప్పక వస్తామన్న అర్థంలోనూ వాడతారు. నవ్వుతూ "ఏ రోజు? ఎన్ని గంటలకి?" అని అడిగి రాసుకుంటే తేలిపోతుంది.

అంకెల దగ్గర ఆగి చూడండి

మాటలో తప్పు వస్తే నవ్వుకుంటారు, అంకెలో తప్పు వస్తే డబ్బు పోతుంది. అరబ్బీ అంకెల్లో సున్నా ఒక చుక్క. 5 మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. 6 చూడటానికి ఇంగ్లీష్ 7లా ఉంటుంది. 7, 8 ఒకదానికొకటి తలకిందులైన గొడుగుల్లా ఉంటాయి. చేతిరాతలో వచ్చిన ఆర్డరులో ఫోన్ నంబరు, ధర, తేదీ ఈ మూడింటినీ తిరిగి చదివి వినిపించడం అలవాటు చేసుకోవాలి.

దీనార్‌కి 1,000 ఫిల్స్ కాబట్టి ధరలు మూడు దశాంశ స్థానాలతో రాస్తారు. 1.500 అంటే ఒకటిన్నర దీనార్, వెయ్యిన్నూరు కాదు. కొత్తగా వచ్చినవారు తికమకపడేది ఇక్కడే. నోటితో చెప్పేటప్పుడు 250 ఫిల్స్‌ని "రుబ దీనార్" అని, 500 ఫిల్స్‌ని "నుస్ దీనార్" అని అంటారు. స్పానిష్ దేశాల్లో మరో చిక్కు: స్పెయిన్‌లో దశాంశానికి కామా పెడతారు, మెక్సికోలో మనలాగే చుక్క పెడతారు. ఆన్‌లైన్‌లో ధరల పట్టీ పెట్టేవారు ఎవరి కోసం పెడుతున్నారో చూసుకోవాలి.

స్పానిష్ మనకు అనుకున్నంత కొత్త కాదు

అరబ్బులు 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టారు, వారి చివరి రాజ్యం గ్రెనడా 1492లో పోయింది. ఆ ఎనిమిది వందల ఏళ్ళలో వేల అరబ్బీ మాటలు స్పానిష్‌లో కలిసిపోయాయి. వాటిలో కొన్ని మన దేశం నుంచి అరబ్బుల దాకా వెళ్ళినవే. మన చక్కెర అరబ్బీలో "సుక్కర్", స్పానిష్‌లో "అసూకర్". మన నారింజ అరబ్బీలో "నారంజ్", స్పానిష్‌లో "నరాన్‌హా". నూనెకు అరబ్బీ మాట "జైత్", స్పానిష్‌లో "అసైతె". బియ్యం ఇక్కడ "రుజ్", అక్కడ "అర్రోస్". పత్తి ఇక్కడ "ఖుత్న్", అక్కడ "అల్గొదోన్". గల్ఫ్‌లో కొన్నేళ్ళుండి అమెరికా వెళ్ళిన కుటుంబాలకు కిరాణా కొట్టు మాటల్లో సగం ముందే పరిచయమన్నమాట.

స్పానిష్‌కి దగ్గరి చుట్టమైన పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన మాటలూ సాయం చేస్తాయి. మన బొత్తాం స్పానిష్‌లో "బొతోన్", అల్మారా "అర్మారియో", కమీజు "కమీసా", సబ్బు "హబోన్". టైలరింగ్ చేసేవారు ఈ నాలుగూ ఒక్క పూటలో గుర్తుపెట్టుకోవచ్చు.

కువైట్‌లో స్పానిష్ ఎవరికి పనికొస్తుందని అడగవచ్చు. ఫిలిప్పీన్స్ 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ ఏలుబడిలో ఉంది. అందువల్ల తగలోగ్‌లో ధరలు, గడియారం సమయాలు చెప్పడానికి స్పానిష్ అంకెలు బాగా వాడతారు. "సింకో" అంటే 5, "దియెస్" అంటే 10, "బెంతె" అంటే 20, "సింక్వెంతా" అంటే 50. వారాల పేర్లు, చెంచా, చెప్పులు, బల్ల వంటి మాటలు కూడా అక్కడివే. అవెన్యూస్‌లోనూ చుట్టుపక్కల సెలూన్లలోనూ ఫిలిప్పీన్స్ వారు పనిచేస్తారు, మన దగ్గర కొంటారు కూడా. స్పానిష్‌లో 1 నుంచి 100 నేర్చుకుంటే రెండు చోట్ల పనికొస్తుంది. అంతమాత్రాన వారికి స్పానిష్ వచ్చని అనుకోకూడదు. ఒక మాట చూడండి: స్పానిష్‌లో "సెగూరో" అంటే ఖాయం, అదే మాట తగలోగ్‌లో "సిగూరో" అయి "బహుశా" అనే అర్థం తెచ్చుకుంది. ఖాయమనుకుని కేకు చేసిపెడితే చేతిలో కేకు మిగులుతుంది.

నువ్వు, మీరు: మనకు తెలిసిన మర్యాదే

ఇంగ్లీష్ నుంచి స్పానిష్‌కి వెళ్ళేవారు తడబడే చోట తెలుగువారికి తడబాటు ఉండదు. వారికి "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. క్రియ కూడా మారుతుంది. కౌంటర్‌లో, ఫోన్‌లో పెద్దవారితో, తెలియనివారితో "ఉస్తెద్" వాడితే ఎక్కడా తప్పు పట్టరు. సాయం కావాలా అని అడగడానికి "ఎన్ కె ప్వెదో అయుదార్లె?" అంటారు. కాస్త ఆగండి అనడానికి "ఉన్ మొమెంతో, పోర్ ఫవోర్". క్షమించమనడానికి "లో సియెంతో". రసీదును "రెసీబో" అంటారు. మెక్సికో వారు "అహోరితా" అంటే ఇప్పుడే అని అర్థం, అయితే ఆ "ఇప్పుడే" మనవాళ్ళ "ఇదిగో వచ్చేస్తున్నా" లాంటిది. డెలివరీ సమయం చెప్పేటప్పుడు ఆ మాట వాడకుండా గంట చెప్పండి.

తప్పు అనువాదం ఖరీదు

ఫోన్‌లో అనువాదం యాప్ ఉండగా మనిషెందుకు అనేవారి కోసం రెండు నిజమైన సంగతులు.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో మందుల షాపులు కంప్యూటర్ సాయంతో స్పానిష్‌లో ముద్రించిన మందు లేబుళ్ళను పరిశీలించి 2010లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. చూసిన లేబుళ్ళలో సగం తప్పులతో ఉన్నాయి. సగం ఇంగ్లీష్, సగం స్పానిష్ కలిసిపోవడం వాటిలో పెద్ద సమస్య. ఒకసారి అనే అర్థంలో ఇంగ్లీష్‌లో రాసే "వన్స్" అక్షరాలా అలాగే స్పానిష్‌లో చదివితే "ఓన్సె", అంటే 11. రోజుకు ఒకసారి వేయాల్సిన మందు 11 సార్లు అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది 1980లో ఫ్లోరిడాలో జరిగింది. స్పృహ లేని ఒక 18 ఏళ్ళ కుర్రవాణ్ణి ఆసుపత్రికి తెచ్చిన కుటుంబం "ఇంతోక్సికాదో" అంది. క్యూబా స్పానిష్‌లో దానికి తిన్నదేదో పడలేదు అని అర్థం. వైద్యులు ఇంగ్లీష్ మాటతో పోల్చుకుని మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం జరుగుతోంది. చికిత్స ఆలస్యమై కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం దాదాపు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు తేలింది.

మన కొట్టులో ఇంత జరగదు అనుకోవద్దు. స్వీట్‌లో జీడిపప్పు ఉందా, పచ్చడిలో వేరుశనగ నూనె వాడారా అని అలర్జీ ఉన్న మనిషి అడిగితే తల ఊపడం జవాబు కాదు. తిండి, మందు, కరెంటు, డబ్బు ఈ నాలుగింటి విషయంలో భాష పూర్తిగా వచ్చిన మనిషి చెప్పాలి, లేదా రాసి ఉంచిన సరైన కాగితం చూపించాలి.

చట్టాలు కూడా భాష అడుగుతాయి

కువైట్‌లో 2014 నాటి 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు అరబ్బీలో ఉండాలి, పక్కన మరో భాష చేర్చుకోవచ్చు. వస్తువు తిరిగి ఇవ్వడానికి, మార్చుకోవడానికి 14 రోజుల గడువు ఉంది, పాడైపోయే ఆహారం వంటి మినహాయింపులతో. గోడ మీద ఇంగ్లీష్‌లో "తిరిగి తీసుకోము" అని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు. ఇంకో మాట: డిపెండెంట్ వీసా మీద ఉన్న గృహిణులు లైసెన్స్, అనుమతులు లేకుండా ఇంటి నుంచి తిండి పదార్థాలు అమ్మితే ఇబ్బందుల్లో పడతారు. భాష కన్నా ముందు ఆ కాగితాలు సరిచూసుకోండి.

కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 1632 సెక్షన్ ఉంది. స్పానిష్, చైనీస్, తగలోగ్, వియత్నామీస్, కొరియన్ ఈ ఐదు భాషల్లో దేనిలోనైనా ప్రధానంగా బేరసారాలు నడిపితే, ఇంటి అద్దె, వాహన రుణం, వాయిదాల అమ్మకం వంటి ఒప్పందాలకు సంతకం ముందే ఆ భాషలో అనువాదం ఇవ్వాలి. కస్టమర్ తన దుభాషీని తెచ్చుకుంటే మినహాయింపు ఉంది, కానీ ఆ దుభాషీ మైనర్ కాకూడదు. అంటే స్పానిష్‌లో మాట్లాడి అమ్మి, ఇంగ్లీష్ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఒప్పందమే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అద్దెకు ఇళ్ళిచ్చే, కార్లు అమ్మే మనవాళ్ళు దీన్ని తప్పక తెలుసుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి

1. రెండు వారాలు లెక్క పెట్టండి. కౌంటర్ దగ్గర ఒక కాగితం పెట్టి, ఏ భాషవారు వచ్చారు, ఎవరు ఏమీ కొనకుండా వెళ్ళారు అని గీతలు గీయండి. ఊహతో భాషను ఎంచుకోకండి. కిటికీలో స్పానిష్ బోర్డు పెట్టినా ఆ వీధిలో వియత్నామీస్ వారు ఎక్కువైతే ఉపయోగం లేదు.

2. ఒక్క భాషతో ఆరంభించండి. పలకరింపు, ధర, ఫిర్యాదు ఈ మూడు చోట్లా ముందు ఏర్పాటు చేయండి. పలకరింపు బాగుండి ఫిర్యాదు వినే మనిషి లేకపోతే కోపం రెట్టింపవుతుంది.

3. రెండు భాషలు వచ్చినవారికి ఆ పనికి జీతం చూపించండి. అరబ్బీ వచ్చని ఒక అమ్మాయిని తన పని మానిపించి రోజంతా దుభాషీగా తిప్పితే ఆమె వేరే చోటికి వెళ్ళిపోతుంది. భత్యం కొద్దిగా అయినా విడిగా ఇవ్వాలి.

4. వాట్సాప్ జవాబులు ముందే రాయించి పెట్టుకోండి. సమయాలు, చిరునామా, ధరలు, డెలివరీ, వస్తువు మార్పిడి. ఒకరితో అనువాదం చేయించి, ఆ అనువాదాన్ని అసలు చూడని మరొకరితో తిరిగి మన భాషలోకి చెప్పించుకోండి. రెండూ కలిస్తేనే వాడండి.

5. చదవడం రానివారి కోసం వాయిస్ మెసేజ్ పెట్టండి. గల్ఫ్‌లో ఇది చాలా అవసరం.

6. ఆ మనిషి ఉండే గంటలు రాయండి. "స్పానిష్ మాట్లాడతాం" అని బోర్డు పెట్టి, ఆ ఉద్యోగి సెలవులో ఉన్నరోజు చేతులు తిప్పితే బోర్డు లేకపోయినా బాగుండేది. "సోమ నుంచి గురు, 10 నుంచి 4" అని రాస్తే ఎవరికీ కోపం రాదు.

7. పిల్లల్ని దుభాషీలుగా వాడకండి. మన పిల్లలు స్కూల్లో స్పానిష్ చదువుతారు, సరదాగా పలకరించనివ్వండి. డబ్బు, ఆరోగ్యం, గొడవ మాటలు వారి నోట పెట్టకూడదు.

8. మూడు నెలల తర్వాత మళ్ళీ లెక్క చూడండి. ఆ భాషవారిలో రెండోసారి వచ్చినవారెందరు, వాపసులు తగ్గాయా, ఒకే విషయానికి పదేపదే వచ్చే ఫోన్లు తగ్గాయా. ఉదాహరణకు రోజుకు 10 మంది భాష రాక వెనుదిరుగుతున్నారనుకోండి, వారిలో ముగ్గురు నిలిచి ఒక్కొక్కరు 2 దీనార్లు ఖర్చుపెట్టినా 26 పని రోజుల్లో 156 దీనార్ల అమ్మకం. అందులో మీ లాభం ఎంతో చూసుకుని, మీరిచ్చే భత్యంతో పోల్చితే కొనసాగించాలో వద్దో తెలుస్తుంది.

తెలుగు కూడా ఒకరికి కస్టమర్ భాషే

కడప, చిత్తూరు, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. చాలామందికి చదువు తక్కువ. డబ్బు పంపే కౌంటర్ దగ్గర, ఆసుపత్రిలో, సిమ్ కార్డు కొట్టులో తెలుగు మాట వినిపిస్తే ఆ లైనులోనే నిలబడతారు, పక్క లైను ఖాళీగా ఉన్నా సరే. ఖాతాలో పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందుందా వెనకుందా అని తెలుగులో ఒక్క ప్రశ్న అడిగితే నెల జీతం సరైన చోటికి చేరుతుంది. అడగకపోతే ఆ డబ్బు వెనక్కి రావడానికి వారాలు పట్టవచ్చు, ఈలోగా ఊళ్ళో పిల్లల ఫీజు ఆగిపోతుంది. ఆపదలో ఉన్నవారికి ఏపీఎన్ఆర్టీఎస్ 24 గంటల హెల్ప్‌లైన్ తెలుగులో పలుకుతుందని మీకు తెలిసిన ప్రతి అక్కకూ చెప్పండి.

పరాయి దేశంలో మన భాష వినిపించినప్పుడు మనసు ఎంత కుదుటపడుతుందో మనకు బాగా తెలుసు. మన కొట్టుకు వచ్చే అరబ్బు అమ్మమ్మకైనా, మెక్సికో తాపీ పనివాడికైనా, మనీలా నర్సుకైనా అంతే. ఈ వారం మీ కౌంటర్ దగ్గర ఒక తెల్లకాగితం, ఒక పెన్సిల్ పెట్టండి. గీతలు లెక్కపెట్టాక ఏ భాష నేర్చుకోవాలో మీ కస్టమర్లే చెబుతారు.